స్టేజీ స్టేజీకీ

తెల్లారుజాము అయిదున్నర. రుషికొండ ఇసుక ఇంకా చల్లగానే ఉంది.
మార్కరుతో నా జబ్బమీద నంబరు రాస్తున్న కుర్రాడు
"మోకాలికి ఆ పట్టీ ఏటండీ?" అన్నాడు.
ఫ్యాషను, అన్నాను.

పట్టీ కింద, పోయిన నవంబరు వానలో
హనుమంతవాక దగ్గర ఫుట్‌బోర్డు మీంచి జారిన కాలు.
లోపలేదో సగం చిరిగిన టికెట్టులా వేలాడుతోంది.
ఫిజియో సువర్చల గారు స్కాను లైటుకెత్తి చూసి
పరుగు వద్దన్నారు.
ఈతో? ఫరవాలేదు.
సైకిలో? ఎత్తుపల్లాలు లేకపోతే సరే.
మూడింటికి రెండు ఒప్పుకున్నారు కదా అని
ఫీజు కట్టేశాను. ఆవిడకి చెప్పలేదు.

విజిల్ వేశారు. అందరూ పరిగెత్తారు.
నేను నడుంలోతు దాకా నడిచాను.
నలభయ్యో ఏట కొలనులో నేర్చిన ఈత నాది,
గోడ ఎప్పుడొస్తుందా అని చెయ్యి చాచే ఈత.
ఇక్కడ చెయ్యి చాచినకొద్దీ నీళ్ళే.
తెప్ప మీంచి మైలపల్లి దానయ్య తెడ్డు అందించాడు.
"అలుపొస్తే అట్టుకోమ్మా, తప్పు నేదు."
అట్టుకున్నాను. రెండు ఊపిర్లు.
తెడ్డుకి చేపవాసన. వదిలేశాను.
ఒడ్డున కాలు ఆనినప్పుడు గాని తెలియలేదు
అరగంటసేపు మోకాలు గుర్తే రాలేదని.

సైకిలు మా డిపో మెకానిక్ గైబు సాహెబు కొడుకుది.
నాకోసం సీటు రెండంగుళాలు దించాడు.
ఈ రోడ్డు మీద పంతొమ్మిదేళ్ళు తిరిగాను,
కానీ చూసింది జనం భుజాల సందుల్లోంచి.
తిమ్మాపురం. ఇక్కడెవరి దగ్గరా చిల్లరుండదు.
తొట్లకొండ. కాలేజీ జంటలు ముందో డోరూ వెనకో డోరూ దిగుతారు.
మంగమారిపేట. చేపల గంప కింద నీళ్ళు,
ప్యాంటు మడతపెట్టుకుని తిట్టే ఆఫీసరు.
స్టేజీ వచ్చినప్పుడల్లా నోట్లోకి కేక వచ్చేస్తోంది.
ఎత్తుపల్లాలు లేవని సువర్చల గారికి నేను చెప్పిన రోడ్డు
తొట్లకొండ కింద లేచి నిలబడింది.

వెనక హారను. చూడక్కర్లేదు,
సూరపునాయుడు చెయ్యి అది, తొమ్మిది వందల కె.
పక్కకొచ్చి బండి నెమ్మది చేశాడు.
"ఏటి కండక్టరమ్మా, టికెట్టు తీసావా?"
బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఊపిరి ఉన్నంత మేర.
నా స్థానంలో వచ్చిన పిల్ల
నన్ను చూడ్డానికి ఫుట్‌బోర్డు మీద వేలాడుతోంది.
లోపలికెళ్ళు! అని అరిచాను.
ఆ రోజు మొత్తం మీద నేను గట్టిగా అన్న మాట అదే.

ఇంక అయిదు కిలోమీటర్లు. పేరుకి పరుగు.
మొదటి కిలోమీటరు పరుగే.
రెండోది, ఒక కాలు పరుగు, ఒక కాలు నడక.
మెడల్సు వేసుకున్నవాళ్ళు ఎదురొస్తూ ఇడ్లీ తింటున్నారు.
రోడ్డు ఊడుస్తున్న పైడమ్మ చీపురు ఆపి
"ఎవులైనా తరుముతున్నారేటమ్మా?" అంది.
లేదన్నాను.
"మరెందుకూ?"
మలుపు దాకా కుంటుకుంటూ ఆలోచించాను.
తిరిగొస్తుంటే ఇంకా అక్కడే ఉంది,
"తోచిందేటి?"
లేదు పైడమ్మా.
"అయితే ఎళ్ళు. ఎండెక్కుతోంది."
కొంతదూరం నా పక్కనే చీపురు ఈడ్చుకుంటూ వచ్చింది.
నా నడక కన్నా దాని చప్పుడే ముందుండేది.

గాలి నింపిన తోరణాన్ని అప్పటికే సగం దించేశారు.
కిందనుంచి వంగి దూరాల్సి వచ్చింది.
వంగడం, దానికి అస్సలు పడదు.
కళ్ళముందు పచ్చగా ఓ చుక్క తిరిగింది.
గడియారం కట్టేశామండీ, టైమెంత రాయమంటారు, అన్నాడు పొద్దుటి కుర్రాడు.
నీ ఇష్టం, అన్నాను.
రాశాడో లేదో చూడలేదు.

రాత్రి గోనెసంచిలో ఐసు కొట్టి కాలిమీద పెట్టుకున్నాను.
మోకాలు కొబ్బరికాయంత అయింది.
రేపు తొమ్మిదింటికి పాసుల కౌంటరు, కుర్చీ డ్యూటీ.
ఎల్లుండి సువర్చల గారు నొక్కి చూస్తారు.
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.
ఫ్యాషనంటే ఆవిడ నమ్మరు.